హాస్యనటుడి షీల్డు

మా కాలేజీ ఆడిటోరియంలో ఒక అలవాటు ఉండేది. నా స్నేహితుడు స్టేజీ మీదికి రాగానే వెనక వరసల్లోంచి ఎవడో ఒకడు "ఏటి బావా!" అని అరిచేవాడు. వాడు టక్కున ఆగి, మెడ మాత్రం తిప్పి, "ఏటేటి?" అనేవాడు. అంతే, హాలు హాలంతా ఈలలు. ఇక ఆ తర్వాత వాడు ఏం చెప్పినా నవ్వే. మంచినీళ్ళు కావాలని అడిగినా నవ్వే. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారని ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ నేను తెలీనట్టే ఊరుకున్నాను. మొదలుపెట్టింది నేనే. ఫస్టియర్లో ఫ్రెషర్స్ డే స్కిట్టుకి ఆ మాట రాసిచ్చింది నేను. వెనక వరసలో కూచుని అరవమని హాస్టల్ కుర్రాళ్ళని పురమాయించింది కూడా నేనే.

మాది స్టీల్ ప్లాంటు క్వార్టర్స్. నాన్న ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పుట్టిందీ పెరిగిందీ విశాఖపట్నంలోనే అయినా, మా ఇంట్లో మాత్రం ఇక్కడి మాట గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. పాలు పోసే ఆవిడ ఎలా మాట్లాడుతుందో మా అమ్మ అచ్చం అలాగే మాట్లాడి చూపించి, ఊరి నుంచి వచ్చిన చుట్టాలని కడుపుబ్బా నవ్వించేది. అమ్మ చెడ్డది కాదు. ఆ పాలావిడకి జ్వరం వస్తే మాత్రలిచ్చి పంపేది. కానీ ఆవిడ మాట నవ్వడానికి పనికొచ్చే మాట అని నాకు పలకా బలపం పట్టకముందే తెలుసు. స్కిట్లు రాయడం నేను ఎక్కడ నేర్చుకున్నానంటే అక్కడే నేర్చుకున్నాను.

వాడిది కంచరపాలెం. వాళ్ళ నాన్న భీమిలి అవతల పల్లె నుంచి వచ్చి, పోర్టులో కాంట్రాక్టరు కింద బొగ్గు దించే పనికి కుదిరాడు. వాళ్ళమ్మ వాడు ఇంటర్ చదువుతుండగా పోయింది. తండ్రీ కొడుకూ ఇద్దరే ఇంట్లో. ఇంజనీరింగ్‌లో వాడూ నేనూ ఒకే బ్రాంచి, ఒకే బెంచి. మొదటి వారంలోనే "బావా" అని పిలవడం మొదలుపెట్టాడు. నేనూ పిలిచాను. అయితే వాడి నోట్లో అది చుట్టరికం, నా నోట్లో సరదా. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

క్యాంటీన్ వెనకాల పాడుబడ్డ ల్యాబు ఒకటి మా కల్చరల్ క్లబ్బుకి ఇచ్చారు. కాళ్ళు విరిగిన స్టూళ్ళు, తుప్పు పట్టిన మోటార్లు, ఒక మూల పాత బ్యానర్లు. సాయంత్రం నాలుగు దాటాక అక్కడ చేరేవాళ్ళం. పాటల వాళ్ళు ఒక పక్క, డాన్సు వాళ్ళు ఒక పక్క, మధ్యలో నాటకాల వాళ్ళం. క్లబ్బు పని మీద ఉన్నామని ఇన్‌చార్జి సార్ సంతకం పెడితే క్లాసుకి రాకపోయినా హాజరు పడేది. సగం మంది ఆ సంతకం కోసమే వచ్చేవాళ్ళు. వాడు మాత్రం నాటకం కోసం వచ్చేవాడు. అందరి డైలాగులూ వాడికి కంఠతా వచ్చు. ఎవడైనా రాకపోతే ఆ వేషం వాడే వేసి రిహార్సల్ నడిపించేవాడు. అలా వేసినప్పుడు వాడు జడ్జీ అయ్యేవాడు, డాక్టరయ్యేవాడు, ఒకసారి జమీందారు కూడా అయ్యాడు. అద్భుతంగా చేసేవాడు. అసలైన రోజున మాత్రం మళ్ళీ వాచ్‌మనే. లేకపోతే ఆటో డ్రైవరు. లేకపోతే ఇంట్లో పనివాడు. ఈ వేషాలన్నీ రాసింది నేను.

సెకండియర్లో ఒకసారి అడిగాడు. బీచ్‌లో కూచుని ముంత మిక్చర్ తింటున్నాం.

"బావా, ఈపాలి నాను లెక్చరర్ యేసం యెయ్యకూడదేటి?"

"నువ్వు లెక్చరర్ అంటే నవ్వుతార్రా," అన్నాను.

"ఇప్పుడు మాత్రం నవ్వడం లేదేటి?" అన్నాడు. అని తనే నవ్వాడు. నేనూ నవ్వేశాను. ఆ మాటకి నేను జవాబు చెప్పాల్సి ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

ఫైనలియర్లో ఒక మధ్యాహ్నం నా బండి మీద వాళ్ళింటికి వెళుతున్నాం. రైల్వే గేటు పడింది. పోర్టు నుంచి బొగ్గు గూడ్సు వస్తోంది. విసుక్కుంటూ బండి ఆపాను. వెనక కూచున్నవాడు నెమ్మదిగా, "ఇక్కడే బావా," అన్నాడు.

"ఏంటి ఇక్కడ?"

"మాయమ్మ."

అప్పుడు చెప్పాడు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. వాళ్ళమ్మ గుండెల్లో నొప్పి అంటే ఆటోలో ఎక్కించారు. వాడు ముందు డ్రైవరు పక్కన. వెనక వాళ్ళ నాన్న, ఒళ్ళో వాళ్ళమ్మ తల. ఇదే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడిపోయింది. గూడ్సు వస్తోంది. వాళ్ళమ్మ భయంగా చూస్తుంటే, "ఒక్క బండేనే. ఎల్లిపోద్ది," అన్నాడట వాళ్ళ నాన్న. బండి వెళ్ళిపోయింది. గేటు లేవలేదు. అటు నుంచి ఇంకో గూడ్సు వస్తోంది. మళ్ళీ, "ఒక్క బండేనే. ఎల్లిపోద్ది." అదీ వెళ్ళిపోయింది. గేటు లేస్తుండగా మూడోసారి అన్నాడట అదే మాట, అప్పటికే వినేవాళ్ళు లేరు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అది విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. జాలితో అని రాసుకుంటే బాగుంటుంది గానీ, కాదు. దొరికింది అనుకున్నాను. ఆ ఏడాది యూత్ ఫెస్టివల్ నాటికల పోటీకి ఏం రాయాలా అని నెల రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. గేటు లేచేసరికి నా బుర్రలో నాటిక సగం అయిపోయింది. వెనక వాడు కళ్ళు తుడుచుకుంటున్నాడు, నేను తెర ఎక్కడ వెయ్యాలో ఆలోచిస్తున్నాను.

వారంలో రాసి వాడి చేతికిచ్చాను. వాడు చదవడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఎనిమిది పేజీలే. చివరికి, "మా అయ్య యేసం నానే యేస్తాను," అన్నాడు. ఇంకెవరు వేస్తారు మరి. అలా నాలుగేళ్ళలో మొదటిసారి వాడికి నవ్వించక్కర్లేని వేషం దొరికింది.

ఆ వేషంతో పాటు ఇంకోటి కూడా ముడిపడింది. ఇంజనీరింగ్ అయ్యాక నాటకం కోర్సులో చేరాలని వాడి కోరిక. దానికి వాళ్ళ నాన్న ఒప్పుకోవాలి. ఇంజనీరయ్యి కొడుకు మళ్ళీ నాటకాలంటే ఏ తండ్రికి మింగుడు పడుతుంది? ఆయన కాదనలేదు, అవుననలేదు. "నాను ఒకపాలి సూస్తాను. సూసి సెప్తాను," అన్నాడట. అప్పటిదాకా వాడు తను వేసిన నాటకాల్లో ఒక్కదానికీ వాళ్ళ నాన్నని రానివ్వలేదు. ఎందుకు రానివ్వలేదో నేను అడగలేదు. తన కొడుకు తనలాగే మాట్లాడుతుంటే వందలమంది పొట్ట పట్టుకుని నవ్వడం ఆయన చూడకూడదని. అడక్కపోయినా తెలుస్తుంది కదా, కానీ నేను తెలుసుకోలేదు. ఈసారి మాత్రం వాడే స్వయంగా పిలిచాడు. కోర్సు అప్లికేషన్ ఫారం నింపి, తండ్రి సంతకం గడి ఖాళీగా ఉంచి, బ్యాగులో పెట్టుకుని తిరిగాడు.

పోటీకి నాలుగు రోజుల ముందు రిహార్సల్‌లో ఆగిపోయాడు.

"బావా, ఈ ముక్కలు నాను మామూలు తెలుగులో సెప్పీనా?"

"మామూలు తెలుగంటే?"

"నువ్వు మాటాడతావే, అలాగ. నా నోట్లో ఈ మాట ఇని జనం నవ్వడానికి అలవాటు పడిపోనారు."

నాకు పూనకం వచ్చింది. అప్పటికి నేను మాండలికం గురించి నాలుగు వ్యాసాలు చదివి ఉన్నాను. జనం భాష, భాషకి గౌరవం, రంగస్థలం మీద యాసకి సింహాసనం అంటూ అరగంట దంచాను. పాటల వాళ్ళు కూడా పాట ఆపి విన్నారు. "మీ నాన్న ఏ మాట అన్నాడో ఆ మాటే చెప్పాలి. అందులోనే ప్రాణం ఉంది. నీ భాషకి గౌరవం తెస్తున్నాం రా మనం," అన్నాను.

"గౌరవం వొద్దు బావా. నవ్వకపోతే సాలు."

"నవ్వరు. నాదీ పూచీ," అన్నాను.

ఆ మూడు ముక్కలు ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోటీ సాయంత్రం ఐదింటికి. వాళ్ళ నాన్న మూడింటికే వచ్చేశాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజం మీద మడత పెట్టిన తువ్వాలు. బొగ్గు పని చేసేవాళ్ళకి ఎంత తోమినా గోళ్ళ అంచుల్లో నలుపు పోదు, ఆ చేతులు దాచుకుంటున్నట్టు కట్టుకుని కూచున్నాడు. నేనే తీసుకెళ్ళి మూడో వరసలో, స్టేజీ సరిగ్గా కనిపించే చోట కూచోబెట్టాను. "ఎక్కడైనా పర్నేదు బాబూ," అంటూనే కూచున్నాడు. పక్క సీటులో మా లెక్చరర్ ఒకాయన.

మా నాటికకి పెద్ద సరంజామా లేదు. రెండు స్టూళ్ళు, ఒక బెంచీ కలిపితే ఆటో. ఎరుపు, తెలుపు రంగు వేసిన వెదురు గడ రైల్వే గేటు. తల్లి వేషం వేసిన సెకండియర్ అమ్మాయి బెంచీ మీద పడుకుంటుంది. గూడ్సు చప్పుడు ఆ రైల్వే గేటు దగ్గరే ఫోన్లో రికార్డు చేసి తెచ్చాను. ఆ చప్పుడు సమయానికి వేయడం నా పని కాబట్టి వింగులో ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డాను. అక్కడి నుంచి స్టేజీ కనిపిస్తుంది, మొదటి నాలుగు వరసలూ కనిపిస్తాయి.

తెర లేచింది. లుంగీ, మాసిన బనీనుతో వాడు తల్లి వేషం అమ్మాయిని పొదివి పట్టుకుని వచ్చాడు.

"ఏటి బావా!"

వెనక వరసల్లోంచి. నాలుగేళ్ళ అలవాటు మరి. ఒకడు కాదు, పదిమంది. ఈ అలవాటు మానమని వాళ్ళకి ముందే చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. నాటిక గొప్పగా ఉంది కాబట్టి వాళ్ళే ఊరుకుంటారనుకున్నాను.

వాడు మెడ తిప్పలేదు. జవాబివ్వలేదు. తలొంచుకుని అమ్మాయిని బెంచీ మీద కూచోబెడుతున్నాడు. అలా జవాబివ్వకపోవడమే వాళ్ళకి కొత్త జోకైపోయింది. ఇంకా గట్టిగా నవ్వారు. "ఏటి బావా, ఇనపడలేదేటి?" అని ఇంకొకడు అందుకున్నాడు.

మొదటి గూడ్సు చప్పుడు వేశాను. వాడు ఆమె తల ఒళ్ళోకి తీసుకుని, నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసి, అన్నాడు.

"ఒక్క బండేనే. ఎల్లిపోద్ది."

హాలు పగలబడింది.

చప్పుడు ఆగాక వాడు గేటు వైపు చూశాడు. గేటు లేవలేదు. రెండో చప్పుడు వేయాలా వద్దా అని నా వేలు ఆగిపోయింది. వేశాను. ఆపేసి తెర దించెయ్యాల్సింది. కానీ రాసినవాడికి తన నాటిక మీద ఉండే ఆశ ఎంత సిగ్గులేనిదంటే, చివరికొచ్చేసరికి అందరూ నిశ్శబ్దమైపోతారని అప్పటికీ నమ్ముతున్నాను.

"ఒక్క బండేనే. ఎల్లిపోద్ది."

ఈసారి చప్పట్లు. అప్పుడు నేను మూడో వరస చూశాను. వాళ్ళ నాన్న సీట్లోంచి వెనక్కి తిరిగి జనాన్ని చూస్తున్నాడు. ఒక వైపు, తర్వాత రెండో వైపు. పక్కన మా లెక్చరర్ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. వాళ్ళ నాన్న ఆయన్ని కాసేపు చూశాడు. తర్వాత ముందుకి తిరిగి, నోరు తెరిచి, తనూ నవ్వడం మొదలుపెట్టాడు. మోకాలి మీద చేత్తో చరుచుకుంటూ నవ్వాడు.

మూడోసారి వాడు ఆ మాట అనబోయేసరికి హాలంతా వాడితో కలిసి అంది. పిల్లలు బళ్ళో ఎక్కం చెప్పినట్టు. ఆ తర్వాత స్క్రిప్టులో ఒక నిమిషం నిశ్శబ్దం ఉంది. వాడు పది సెకన్లు కూచుని, నా వైపు చూసి తెర వేసెయ్యమని చేత్తో సైగ చేశాడు.

బహుమతుల దగ్గర, బయట నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి మైకు పుచ్చుకున్నాడు. ఒకే మాటని మూడుసార్లు చెప్పి మూడుసార్లూ నవ్వించడం మాటలు కాదని, ఇంత టైమింగ్ ఈ మధ్య చూడలేదని అన్నాడు. ఉత్తమ హాస్యనటుడు అని వాడి పేరు పిలిచారు. వాడు లుంగీ మీదే వెళ్ళాడు. షీల్డు అందుకుంటుంటే వెనక నుంచి మళ్ళీ "ఏటి బావా!"

వాడు ఆగాడు. మెడ తిప్పాడు.

"ఏటేటి?" అన్నాడు.

నాలుగేళ్ళలో అంత పెద్ద ఈల ఆ హాల్లో ఎప్పుడూ వినలేదు.

బయట చెట్టు కింద వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. వాడు వచ్చి షీల్డు ఆయన చేతుల్లో పెట్టాడు. ఆయన తువ్వాలుతో దాన్ని తుడిచి, అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "బాగుంది బాబూ. అందరూ బాగా నవ్వినారు," అని నాతో అన్నాడు. కొడుకు వైపు తిరిగి, "ఆ ఫారమేదో ఇయ్యరా, సంతకం పెట్టీస్తాను. అంతమందిని నవ్వించినావంటే నీకు ఆ ఇద్దె ఉన్నట్టే గదా," అన్నాడు.

"అక్కర్నేదయ్యా," అన్నాడు వాడు. "సాల్లే ఇంక."

ఆయన్ని ఆటో ఎక్కించి వచ్చాక, ముఖం మీద రంగు కూడా కడుక్కోకుండా మెట్ల మీద కూచున్నాడు. నేను ఏదో చెప్పబోయాను. అందరూ దద్దమ్మలని, మళ్ళీ వేద్దామని. వాడు వినలేదు.

"జనం నవ్వితే నవ్వినారు బావా. ఆలకి ఏటి తెలుసు. మా అయ్య నవ్వినాడు. నాను సూసినాను. మాయమ్మ సచ్చిపోయిన కాడ నవ్వినాడు."

ఆయన ముందు వెనక్కి తిరిగి జనాన్ని చూశాడనీ, తర్వాతే నవ్వాడనీ చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. తప్పంతా ఆ ముసలాయన నవ్వు మీదికి పోతుంటే, నా పూచీ గురించి వాడు ఎత్తడం లేదు కదా అని లోపల ఎక్కడో ఊరట కలిగింది. అంత నీచంగా ఆలోచించాను నేను.

అక్కడితో అయిపోలేదు. ఎవడో ఫోన్లో తీసిన ముక్క రీలైపోయింది. వారం తిరిగేసరికి క్యాంటీన్లో టీ ఆలస్యమైతే "ఒక్క బండేనే, ఎల్లిపోద్ది". పరీక్ష పోతే అదే. నెల తిరిగేసరికి సిటీ బస్సులో ముక్కూ మొహం తెలీనివాళ్ళ ఫోన్లలోంచి వాడి గొంతు వినిపించేది. ట్రాఫిక్ జాముల వీడియోల కింద, పెళ్ళి ఊరేగింపుల వీడియోల కింద, గేదెలు రోడ్డు దాటుతున్న వీడియో కింద. వాళ్ళమ్మకి వాళ్ళ నాన్న చెప్పిన ఆఖరి ధైర్యం అది. దాన్ని ఊరంతా పంచుకుని నవ్వుకుంది.

వాడు నాటకం కోర్సుకి వెళ్ళలేదు. అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి కుదిరి, ఎలమంచిలిలో గది తీసుకున్నాడు. గంటలో వచ్చే దూరం. అయినా రెండు మూడు నెలలకోసారి వచ్చి, తండ్రితో రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతాడని విన్నాను. నేను ఇక్కడే పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. నాటకాలు రాయడం మానేశానని గొప్పగా చెప్పుకోవడానికి కూడా లేదు. రాయమని ఎవరూ అడగలేదు.

పోయిన నెల వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు.

"బాబూ, ఆ సీల్డు కింద పడిపోనాది. మీద బొమ్మ ఇరిగిపోనాది. ఎక్కడ బాగుసేత్తారో నీకేటైనా తెలుసా?"

వెళ్ళాను. ఆ ఇంట్లో గోడకి వాళ్ళమ్మ ఫొటో, దాని కిందే చెక్క బల్ల మీద షీల్డు పెట్టుకునే చోటు. మూడేళ్ళుగా రోజూ తుడుస్తున్నాడట. తుడుస్తుంటేనే చెయ్యి జారిందట. విరిగిన బొమ్మని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. షీల్డుని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని నా బండి వెనక కూచున్నాడు. షీల్డుల షాపు ఆ రైల్వే గేటు అవతల.

గేటు పడింది. బొగ్గు గూడ్సు. ఇంజన్ ఆపేశాను. గూడ్సు వెళ్ళిపోయింది. గేటు లేవలేదు. అటు నుంచి ఇంకోటి వస్తున్నట్టుంది, గేటుమేన్ కదల్లేదు. మా పక్కన బండి మీద ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు. ముందువాడు విసుక్కుంటే వెనకవాడు వాడి భుజం మీద తట్టి, గొంతు మార్చి అన్నాడు.

"ఒక్క బండేనే. ఎల్లిపోద్ది."

ఇద్దరూ విరగబడి నవ్వారు. నేను అద్దంలో చూశాను. నా వెనక ఆయన ఆ కుర్రాళ్ళ వైపు తిరిగి, నోరు తెరిచి, నవ్వుతున్నాడు. ఆ రోజు హాల్లో నవ్విన నవ్వే. అంత దగ్గర నుంచి చూస్తే తెలిసింది, అందులో ఆయన నోరు తప్ప ఇంకేమీ నవ్వడం లేదు.

"బాబాయ్, ఎందుకు నవ్వుతున్నావు?" అని అడిగేశాను. అడగాలనుకోలేదు, వచ్చేసింది.

ఆయన రెండో గూడ్సు వైపు చూస్తూ చెప్పాడు. "మరేటి సెయ్యాలి బాబూ. ఆ రోజు నాటకంలో నాకు ఏడుపొచ్చీసింది. ఎనక్కి తిరిగి సూస్తే అందరూ నవ్వుతన్నారు. ఓహో, మావోడు నవ్వించడానికే ఆడతన్నాడు కావాల అనుకున్నాను. నాను ఒక్కడినే ఏడిస్తే వోడి ఆట సెడిపోద్ది గదా. అందుకే నవ్వినాను."

రెండో గూడ్సు చాలా పొడుగ్గా ఉంది. గేటు లేచాక షాపుకి వెళ్ళాం. షాపువాడు బొమ్మని తిప్పి తిప్పి చూసి, అతికించొచ్చు గానీ టైము పడుతుందన్నాడు. ఆయన్ని ఇంటి దగ్గర దింపేసి, రోడ్డు పక్కన బండి ఆపి వాడికి ఫోన్ చేశాను. చాలా రోజుల తర్వాత చేస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. వాళ్ళ నాన్న వెనక్కి తిరిగి చూడటం నేను ఆ రోజే చూశాననీ, చెప్పకుండా దాచాననీ కూడా చెప్పాను. చెప్పేస్తే ఏదో ఒకటి బాగుపడుతుందని, మూడేళ్ళ తర్వాత కూడా, అదే సిగ్గులేని ఆశ.

అటు వాడి వెనక ఫ్యాక్టరీ చప్పుడు వినిపిస్తోంది.

"ఇదంతా ఇప్పుడు ఏల సెప్పినావు బావా?" అన్నాడు చివరికి.

"మీ నాన్న మీద నీకు కోపం పోవాలని."

"పోయింది," అన్నాడు. "మూడేళ్ళు ఆ కోపం మీదే బతికినాను. మా అయ్యే అలాగ నవ్వినాడంటే నాకు నాటకం రాదు అనుకుని, ఇలాగ రోజూ లేసి పనికి ఎల్లిపోతన్నాను. ఇప్పుడు అదీ తీసుకుపోనావు. రేపు పొద్దున్న లేసి నాను ఏటి అనుకోవాలి?"

షిఫ్టుకి పిలుస్తున్నారని పెట్టేశాడు. ఆ తర్వాత రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. వాళ్ళ నాన్న మాత్రం రోజు విడిచి రోజు ఫోన్ చేసి షీల్డు అయ్యిందా అని అడుగుతున్నాడు. అయ్యిందని షాపువాడు చెప్పి వారమైంది. నేను ఇంకా వెళ్ళి తేలేదు.